బారామతి ప్రమాదము – చిన్న విమానాశ్రయముల స్థితి

2026 జనవరి 28వ తేదీ బుధవారమునాటి ఉదయమున మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి అజిత్ పవార్ ప్రయాణము చేయుచుండిన చిన్న జెట్ విమానము బారామతి విమానాశ్రయమున దిగబోవుచు, రన్‌వే మొదటిభాగముచెంతనే కూలి దగ్ధమయ్యెను. ఆయనయు, ఆయన అంగరక్షకుడును, ఇద్దరు విమానచాలకులును, ఒక పరిచారికయు, వెరసి ఐదుగురు మరణించిరి. స్థానికసంస్థల ఎన్నికల సభలలో ప్రసంగించుటకై ముంబయి నగరమునుండి ఎనిమిది గంటలు దాటిన పిమ్మట బయలుదేరిన ప్రయాణమది. ముప్పావుగంట లోపలనే ముగిసెను.

ఇట్టి వార్త వచ్చిన దినమున మన దేశమున మూడు మాటలు వినబడుట వాడుక. ఇందులో ఏదో కుట్ర కలదనునది మొదటిది. విధిని ఎవరు తప్పింపగలరనునది రెండవది. చాలకుడు పొరబడెననునది మూడవది. ఈ మూడు మాటలును పైకి వేరువేరుగా కనుపించును గాని, మూడింటి ఫలమును ఒక్కటియే. కుట్రయైనచో పోలీసులు చూచుకొందురు. విధియైనచో ఎవరును చూచుకొననక్కరలేదు. చాలకుడు పొరబడెనన్నచో పొరబడినవాడు దగ్ధమైపోయెను గనుక, ఆ పొరబాటునకు తావిచ్చిన ఏర్పాట్లను గూర్చి బ్రతికియున్న అధికారిని ప్రశ్నింపనక్కరలేదు. మేము ఈ మూడు మాటలను ప్రక్కకు పెట్టి, ఆనాడు ఆ విమానాశ్రయమున ఏమి ఉండెనో, ఏమి లేకుండెనో విచారింపగోరుచున్నాము.

పౌరవిమానయాన మంత్రిత్వశాఖవారు నాడే ఒక ప్రకటన చేసిరి. దానినిబట్టి చూడగా, విమానము 8 గంటల 18 నిమిషములకు బారామతితో మొదటిసారి మాటలాడినది. గాలి నిమ్మళముగా నున్నదనియు, చూపు సుమారు 3,000 మీటర్ల మేర ఆనుచున్నదనియు క్రిందనుండి చెప్పిరి. మొదటిసారి దిగుటకు వచ్చినప్పుడు రన్‌వే కనబడలేదు. చాలకులు విమానమును తిరిగి పైకెత్తి చుట్టు తిరిగిరి. ఇది సరియైన పని. రెండవసారి వచ్చినప్పుడు రన్‌వే కనబడుచున్నదా యని అడుగగా, ఇంకను లేదు, కనబడగానే చెప్పెదమనిరి. కొన్ని సెకండ్లు గడచిన వెనుక కనబడుచున్నదనిరి. 8 గంటల 43 నిమిషములకు దిగుటకు అనుమతి ఇచ్చిరి. అనుమతి విన్నవారు దానిని మరల పలికి ఒప్పుకొనుట నియమము. ఆ పలుకు రాలేదు. మరుసటి నిమిషమున రన్‌వే కొనయొద్ద మంటలు కనబడెను.

‘కనబడలేదు’ అను మాటకును ‘కనబడుచున్నది’ అను మాటకును నడుమనున్నవి కొన్ని సెకండ్లు మాత్రమే. ఆ సెకండ్లలోను, వాని తరువాతి నిమిషములోను ఏమి జరిగినదో నిర్ణయించుట పరిశోధకుల పని. ఆ పనికి మేము పూనుకొనము. కాని ఆ చాలకులకు క్రిందనుండి మాటలాడినవారెవరో చూడుడు. బారామతి నియంత్రణలేని విమానాశ్రయము. ప్రభుత్వముచే నియమింపబడిన విమాన నియంత్రణాధికారి యక్కడ లేడు. అక్కడ విమానచోదనము నేర్పు శిక్షణసంస్థలు కలవు. ఆ సంస్థల ఉపాధ్యాయులో, చాలకులో వంతులవారీగా కూర్చుండి, వచ్చుపోవు విమానములకు గాలిని, చూపును చెప్పుచుందురు. వారు చేయు పని మంచిదే. కాని వారు సమాచారము చెప్పగలరు గాని, ఈ పూట ఇక్కడ దిగరాదని శాసింపగల అధికారము వారికి లేదు. మేఘములోనుండి విమానమును చేయిపట్టి రన్‌వే వరకు తెచ్చు రేడియో సాధనమును ఆ విమానాశ్రయమున లేదు. కంటితో చూచి దిగవలసినదే. కంటితో చూచి దిగువారికి మన దేశపు నియమములలో సాధారణముగా చెప్పబడిన చూపుమేర 5 కిలోమీటర్లు. ఆనాడున్నదని చెప్పినది 3 కిలోమీటర్లు.

విమానము దిగుటయందలి అపాయమెట్టిదో పాఠకులలో పలువురికి తెలియకపోవచ్చును గనుక, ఇచ్చట కొంత వివరింతుము. విమానమును ఆకాశమున నిలుపునది రెక్కలపై పారు గాలి. వేగము తగ్గినకొలది ఆ గాలి యిచ్చు ఆధారము తగ్గును. ఒకానొక హద్దునకు దిగువకు వేగము జారినచో, లేక ముక్కును మితిమీరి పైకెత్తినచో, రెక్క తన పట్టును ఒక్కసారిగా కోల్పోవును. దీనినే స్టాల్ అందురు. ఇంజనులు ఆగిపోవుట అని కొందరు పొరబడుదురు. ఇంజనులు చక్కగా తిరుగుచుండగనే ఇది సంభవింపవచ్చును. ఐదువేల అడుగుల ఎత్తున ఇది జరిగినచో, చాలకుడు ముక్కును క్రిందికి వంచి, కొన్ని వందల అడుగులు ఖర్చుపెట్టి, పోయిన వేగమును మరల సంపాదించుకొనును. ప్రతి విద్యార్థికిని ఈ విద్య నేర్పుదురు. దిగువేళ వచ్చిన చిక్కేమన, ఖర్చుపెట్టుటకు అడుగులు లేవు. వేగమును తగ్గింపక దిగుట కుదరదు. తగ్గించినపుడు హద్దు దగ్గరపడును. హద్దు దాటినచో నేల దగ్గరనే యున్నది. మలుపు తిరుగుచున్న విమానమునకు ఆ హద్దు మరింత పైకి వచ్చును. రన్‌వేను ఆలస్యముగా కనుగొని, దానికి ఎదురుగా వచ్చుటకై తక్కువ ఎత్తున గట్టిగా మలుపు తిప్పిన విమానములు కూలినట్లు అన్ని దేశముల నివేదికలలోను కనబడును.

పెద్ద జెట్ విమానముల ప్రమాదములను గూర్చి బోయింగ్ సంస్థవారు ఏటేట లెక్కలు ప్రకటింతురు. గంటన్నర ప్రయాణములో తుదిచేరికకును దిగుటకును పట్టు కాలము నూటికి 4 పాళ్లు మాత్రమే. ప్రాణనష్టము కలిగిన ప్రమాదములలో సుమారు సగము ఆ కొద్దికాలమునందే జరుగుచున్నవి. శిక్షణకు వాడు తేలికవిమానముల సంగతి కొంత వేరు. వానికి దిగువేళ కలుగు ప్రమాదములే హెచ్చు గాని, వానిలో ప్రాణము పోవునవి తక్కువ. విద్యార్థి తొందరపడి నేలను తాకించును. విమానము బంతివలె ఎగిరిపడును. ముందుచక్రము విరుగును, ప్రొపెల్లరు వంగును. లోనివారు దుమ్ము దులుపుకొని బయటికి వత్తురు. ప్రాణములు తీయునవి ఎక్కువగా రెండు: తక్కువ ఎత్తున వేగము కోల్పోవుట యొకటి, కనబడని నేలను కంటితో వెదకుకొనుట మరియొకటి. ఈ రెండును తరచుగా జంటగనే వచ్చును. ఏలయన, రెండు కన్నులును కిటికీవెలుపల రన్‌వేను వెదకుచుండగా వేగము చూపు ముల్లును చూచువాడెవ్వడు?

ఈ ప్రశ్న ఊహించి వేసినది కాదు. 2002 అక్టోబరు 25వ తేదీన అమెరికాలో మినెసోటా రాష్ట్రపు సెనేటరు పాల్ వెల్‌స్టోన్ ఒక కింగ్ ఎయిర్ విమానమున ఎవెలెత్ అను చిన్న పట్టణమునకు బయలుదేరెను. ఎన్నికలకు 11 దినములే గడువు. పోటీ తీవ్రముగా నుండెను. ఒక మిత్రుని యింట జరుగు అంత్యక్రియలకు పోవలసియుండెను. మేఘములు తక్కువ ఎత్తున నుండెను. చాలకుడు బయలుదేరుటకు ముందు వాతావరణ సమాచారము విని వెనుకముందులాడెనని తరువాత తెలిసినది. ఎవెలెత్ విమానాశ్రయమున నియంత్రణ గోపురము లేదు. దిగుటకు వచ్చుచున్న విమానము దారినుండి కొంచెము దక్షిణమునకు జరిగి, వేగము కోల్పోయి, రన్‌వేకు రెండుమైళ్ల యెడమున అడవిలో కూలెను. సెనేటరు, ఆయన భార్య, కుమార్తె, అనుచరులు ముగ్గురు, చాలకులిద్దరు, మొత్తము ఎనమండుగురు మరణించిరి.

అక్కడను కుట్ర యనినవారుండిరి. రెక్కలపై మంచు పేరుకొన్నదని తెలిసినవారనుకొనువారు చెప్పిరి. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి పదమూడు నెలలు పరిశోధించి 2003 నవంబరున తన నిర్ణయమును వెలువరించినది. మంచు కారణము కాదు. యంత్రములలో లోపము లేదు. రాడారులో గుర్తింపబడిన కదలికనుబట్టి లెక్కింపగా, తుదిక్షణములలో వేగము 80 నాట్లకును దిగువకు జారినది. ఇద్దరు చాలకులలో నొక్కరును దానిని గమనించి సరిదిద్దలేదు. విమానము స్టాల్ అయినది. ఆ విమానమున మాటలను నమోదు చేయు యంత్రమే లేకుండెను. అట్టి చిన్న విమానమునకు ఆనాడు నియమము దానిని కోరలేదు. అయినను మండలివారు ఆగలేదు. ఆ చాలకుల పూర్వచరిత్ర, సహచాలకుని శక్తి, విమానమును అద్దెకిచ్చిన సంస్థ తన చాలకులకు కలసి పనిచేయు పద్ధతిని నేర్పినదా లేదా, ప్రభుత్వపు తనిఖీ యెట్లు నడచినది, ఇవన్నియు త్రవ్వి వెలికి తీసిరి. చాలకుడు పొరబడెనను మాటతో మన విచారణ ముగియును. అక్కడ ఆ మాటతో విచారణ ఆరంభమైనది. ఈ భేదమును మన ఏలికలు గుర్తింపవలెను.

మన తెలుగునేలకు ఆ సంవత్సరమే మరియొక దుఃఖమును తెచ్చినది. 2002 మార్చి 3వ తేదీన లోకసభ స్పీకరు గంటి మోహనచంద్ర బాలయోగి భీమవరమునుండి హైదరాబాదునకు వచ్చుచుండగా, ఆయన ఎక్కిన హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున చేపల చెరువులో కూలెను. ఆయనయు, అంగరక్షకుడును, చాలకుడును మరణించిరి. కోనసీమలో సామాన్య దళిత కుటుంబమున జన్మించి, ఆ పీఠమునెక్కిన మొదటి దళితుడుగా 1998లో ఎన్నికైన వాని జీవితము యాబదియేండ్ల ప్రాయముననే ముగిసెను. ఉదయపు మసకలో చూపానక చాలకుడు దిగుటకు చోటు వెదకెననియు, చదునైన నేలయని చెరువును భ్రమించెననియు, నీరని గ్రహించి మరల లేవబోగా తోక కొబ్బరిచెట్టునకు తగిలెననియు అప్పుడు చెప్పుకొనిరి. కొల్లేటి చుట్టుపట్ల ఉదయమున ప్రయాణము చేసినవారికి ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. గట్టుమీద నడచువానికే చెరువేదో చేనేదో తెలియని పొద్దులు అక్కడ ఎన్నియో కలవు. విమానమును గాని హెలికాప్టరును గాని ఆ పూట ఒక గంట తడవు ఆపదగిన వ్యవస్థ మనకు 2002లో లేదు. 2026లో బారామతిలో ఉండెనా?

2023లోనే ఒక హెచ్చరిక వచ్చియుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన మన విశాఖపట్నమునుండి బయలుదేరిన అదే జాతి లియర్‌జెట్ విమానము ఒకటి, కుండపోత వానలో ముంబయిలో దిగుచు రన్‌వేనుండి ప్రక్కకు జారి నేలను ఢీకొని విరిగెను. అదియు బారామతిలో కూలిన విమానమును నడపిన సంస్థదే. చూపు 700 మీటర్లు. అదృష్టవశమున లోపలనున్న ఎనమండుగురును బ్రతికిరి. ముంబయి దేశములో మిక్కిలి పెద్ద విమానాశ్రయములలో నొకటి. నియంత్రణాధికారులు, దిగుటకు సాయపడు రేడియో సాధనములు, నిమిషములలో రాగల అగ్నిమాపక దళము, అన్నియు అక్కడ నుండెను. అంత సంపత్తియున్నచోటనే చిన్న విమానము వానకు లొంగినదన్నచో, ఏ సంపత్తియు లేనిచోట ఎంత జాగరూకత వహింపవలెను! అదే 2023 అక్టోబరున బారామతిలోనే ఒకే శిక్షణసంస్థకు చెందిన రెండు శిక్షణవిమానములు నాలుగుదినముల లోపలనే కూలగా, ప్రభుత్వము ఆ సంస్థ పనిని కొంతకాలము నిలిపివేసినది. శిక్షణసంస్థను నిలుపుట సులభము. ఆ విమానాశ్రయమునకు ఏమేమి తక్కువయని అడిగినవారు మాత్రము కనబడరు.

బారామతి ప్రమాదము జరిగిన ఒకటి రెండు దినములలోనే వైమానిక దళమువారి బృందమొకటి అక్కడికి వచ్చి, విమాన నియంత్రణకును వాతావరణ సమాచారమునకును తాత్కాలికపు ఏర్పాటు చేసినది. ఇన్నియేండ్లు కుదరనిది రెండు దినములలో కుదిరినది. మనుష్యులు కలరు, సాధనములు కలవు, రవాణా కలదు. లేనిది తలపు మాత్రమే యని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

ఇక గొప్పవారి ప్రయాణములను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అప్రియమైనను చెప్పకతప్పదు. ఎన్నికల దినములలో ఒక్కొక్క నాయకునకు నాలుగేసి సభలు. మొదటి సభకు గంట ఆలస్యమైనచో నాలుగవ సభ చీకటిలో కలియును. జనము కూర్చుండియున్నారని క్రిందినుండి ఫోనులు వచ్చుచుండును. మాధవరావు సింధియా 2001 సెప్టెంబరు 30న కాన్పూరు సభకు పోవుచు మైన్‌పురీ యొద్ద కూలిన చిన్న విమానమున మరణించెను. మన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న చిత్తూరు జిల్లాలో ప్రజలను కలిసికొనుటకు పోవుచు నల్లమల వానలో మరణించెను. ఈ ప్రయాణములలో ఎవరైనను చాలకుని బలవంతపెట్టిరని మేము చెప్పుటలేదు. బలవంతపెట్టనక్కరయే లేదు. వెనుక కూర్చున్నవాడు ఒక రాష్ట్రమునేలువాడైనపుడు, ముందు కూర్చున్నవాడు మాసవేతనముపై బ్రతుకువాడైనపుడు, ‘ఈ పూట దిగజాలము, పూణేకు మరలిపోవుదము’ అను మాట నోటివరకు వచ్చి ఆగుట మానవసహజము. పెద్ద విమానసంస్థలలో చాలకుడు దిగుటమాని పైకెత్తినచో ఎందుకని సంజాయిషీ అడుగరాదను పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. మేఘములలో వచ్చునపుడు 1,000 అడుగుల ఎత్తునకును, తెరపియున్నపుడు 500 అడుగుల ఎత్తునకును విమానము సరియైన వేగముతో, సరియైన దారిలో కుదురుకొనియుండనిచో, మారుమాట లేక పైకెత్తవలెనని అక్కడ నియమము. అద్దె విమానముల లోకమున ఈ నియమము కాగితముమీద ఉండును. దానిని కాపాడు సంస్కారము ఎంతవరకున్నదో ఆ విమానముల నెక్కువారే తమ్ము తాము అడుగుకొనవలెను.

మన తీరమున జాలరులు దీనికి చక్కని ఏర్పాటు ఎరుగుదురు. కాకినాడలోను, మచిలీపట్నములోను రేవున తుఫాను సూచిక ఎగిరినదా, పడవ వేటకు పోదు. ఆ సూచిక సంఖ్యను నిర్ణయించునది వాతావరణశాఖ. వ్యాపారియు, మంత్రియు, కలెక్టరును దానిని దింపింపలేరు. పోవలెనా వలదా యని పడవవాడు యజమానితో వాదింపనక్కరలేదు. వానికి బదులుగా ఆ స్తంభము వాదించును. చిన్న విమానాశ్రయములకు అట్టి స్తంభము లేదు. చూపు ఇంత తక్కువైనపుడు, మేఘము ఇంత దిగినపుడు, ఈ రన్‌వే మూయబడినదని ప్రకటింపగల మనుష్యుడొకడు, ఎవ్వరి ఫోనునకును లొంగనివాడు, ప్రతి విమానాశ్రయముననుండవలెను. చాలకుని ధైర్యముమీద భారము వేయుట కంటె, వాని తలమీదినుండి ఆ భారము తీసివేయుట మేలు.

ఇది మహారాష్ట్రమువారి సంగతి, మనకేల యనరాదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద మొదటి విమానములు లేచిన దినముననే కడపనుండి హైదరాబాదునకును ఒక విమానము లేచినది. వరంగల్లు దగ్గర మామునూరులో నిజాము కాలపు విమానాశ్రయమును మరల తెరచుటకు 2025లో కేంద్రము సమ్మతించినది. కుప్పము, దగదర్తి, దొనకొండల పేర్లు ప్రతిపాదనలలో తరచు వినవచ్చుచున్నవి. నాగార్జునసాగరమున విద్యార్థులు విమానచోదనము నేర్చుకొనుచుండిరి. 2022 ఫిబ్రవరిలో అక్కడినుండి లేచిన శిక్షణవిమానమొకటి నల్లగొండ జిల్లాలో కూలి, నేర్చుకొనుచున్న యువతి మరణించినది. విమానాశ్రయము వచ్చిన ఊరిలో భూమి ధర పెరుగును, వ్యాపారము పెరుగును. మా పాఠకులలో భూస్వాములును వర్తకులును అనేకులు దీనికై విజ్ఞాపనలు పంపుచున్నారు. పంపవలసినదే. కాని ఆ విజ్ఞాపనలలో రన్‌వే పొడవును గూర్చియు, ప్రయాణికుల భవనమును గూర్చియు వ్రాయుచున్నారే గాని, వాతావరణ కేంద్రమును గూర్చి ఒక్క పంక్తి వ్రాసినవారు అరుదు. అద్దాల భవనము ప్రారంభోత్సవమునాటి ఛాయాచిత్రములో బాగుగా కనబడును. మేఘపుటెత్తును కొలుచు యంత్రము కనబడదు.

ఖర్చు ఎక్కువయని అధికారులు చెప్పుదురు. రేడియో సాధనములతో విమానమును దింపు పాతపద్ధతికి ప్రతి విమానాశ్రయమునను ఖరీదైన యంత్రములు నాటవలసినమాట నిజమే. అయితే మన దేశము ఆ చిక్కును దాటు మార్గమును తానే నిర్మించుకొన్నది. గగన్ అను పేర భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, విమానాశ్రయముల ప్రాధికారసంస్థయు కలసి సిద్ధము చేసిన ఉపగ్రహపద్ధతి యొకటి కలదు. ఉపగ్రహములనుండి వచ్చు స్థానసమాచారములోని తప్పును సవరించి, రన్‌వే దిశయు, దిగవలసిన వాలును రెండును చాలకునకు చూపునది. 2022 ఏప్రిల్ 28న రాజస్థానములోని కిషన్‌గఢ్ అను చిన్న విమానాశ్రయమున ఒక విమానము దీని సాయముతో దిగి పరీక్షలో నెగ్గినది. క్రింద యంత్రము నాటనక్కరలేదు. చుట్టుపట్ల కొండలను, స్తంభములను కొలిచి, దారిని గీచి, దానిని పరీక్షించి ప్రకటింపవలెను. విమానమునందు తగిన గ్రాహకయంత్రముండవలెను. మన శాస్త్రజ్ఞులు చేసియిచ్చిన సాధనము అల్మరలో ఉండగా, మన చాలకులు మంచులో నేలను కంటితో వెదకుకొనుట ఏమి న్యాయము? నాయకులను మోయు అద్దె విమానములు దిగుచున్న ప్రతి విమానాశ్రయమునకును ఇట్టి దారిని గీయుటకు గడువు నిర్ణయింపవలెను. గడువులోపల గీయనిచోట్ల 5 కిలోమీటర్ల చూపు లేనిదే ఏ నాయకుని విమానమును దిగరాదని ఉత్తరువు చేయవలెను.

విచారణను గూర్చి తుదిగా చెప్పవలసినది కలదు. అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము ప్రమాదవిచారణ యొక్క ఏకైక ప్రయోజనము మరియొక ప్రమాదమును నివారించుట. నేరము మోపుట కాదు. ముప్పది దినములలో ప్రాథమిక నివేదిక, వీలైనచో సంవత్సరములోపల తుది నివేదిక రావలెను. మన దేశమున 2012లో విమానప్రమాద పరిశోధన విభాగమును ప్రత్యేకముగా నెలకొల్పిరి. మంచి పనియే. కాని అది పౌరవిమానయాన మంత్రిత్వశాఖ క్రిందనే యున్నది. చాలకులకు అనుమతిపత్రములిచ్చు డైరెక్టరేటును అదే శాఖ క్రిందనున్నది. శాఖయొక్క ఏర్పాట్లలో లోపమున్నచో దానిని ఆ శాఖ ఉద్యోగియే కనిపెట్టి, ఆ శాఖ మంత్రికే చెప్పవలెను. కరణము లెక్కలను కరణముచేతనే తనిఖీ చేయించుట యెట్టిదో మన రైతులకు చెప్పనక్కరలేదు. అమెరికావారు 1974లోనే చట్టము చేసి తమ భద్రతా మండలిని రవాణాశాఖనుండి పూర్తిగా విడదీసిరి. వెల్‌స్టోన్ ప్రమాదమున ఆ మండలి ప్రభుత్వపు తనిఖీని సైతము తప్పుపట్టగలిగినది అందుచేతనే.

పరప్రభుత్వము 1934లో చేసిన విమానచట్టమును తొలగించి, భారతీయ వాయుయాన్ అధినియమము, 2024 అనుదానిని 2025 జనవరి 1నుండి మన ప్రభుత్వము అమలులోనికి తెచ్చినది. పేరు మారినది, భాష మారినది. ఆ చట్టములో డైరెక్టరేటుపైనను, భద్రతావిభాగముపైనను, ప్రమాద పరిశోధన విభాగముపైనను పర్యవేక్షణాధికారము మూడింటికిని కలిపి కేంద్రప్రభుత్వము చేతిలోనే ఉంచబడినది. ఇంగ్లీషువాడు వ్రాసిన చట్టమును మార్చునపుడు మార్చదగిన పంక్తి ఇదియే. దీనిని సవరించి, పరిశోధన విభాగమును పార్లమెంటునకు నేరుగా జవాబుదారియగు మండలిగా చేయుటకు బిల్లు తేవలెనని కోరుచున్నాము. ఆంధ్ర, తెలంగాణ సభ్యులలో పార్టీభేదము లేక ఎవరైనను ఒకరు దానిని ప్రతిపాదింపవచ్చును. ఆ సభ స్పీకరు పీఠమున కూర్చుండిన తెలుగువాడొకడు ఇట్టి ప్రమాదముననే మరణించెనను సంగతి వారికి మరల గుర్తుచేయనక్కరలేదు.